పెళ్లిరోజుకి అహోబిలం: ముందు వెలుతురు లెక్క

నవంబరు 25న అహోబిలం కొండల మీద సూర్యుడు ఉదయం 6.22కి పొడుస్తాడు, సాయంత్రం 5.42కి కుంకుతాడు. ఒకటి రెండు నిమిషాలు అటూఇటూ అయినా నడుమ ఉండే వెలుతురు 11 గంటల 20 నిమిషాలే. జూన్‌లో ఇదే చోట పగలు 13 గంటలు ఉంటుంది. శరదృతువు ముగిసేనాటికి కొండ ఎక్కేవాళ్ల చేతిలోంచి గంటా నలభై నిమిషాలు జారిపోయి ఉంటాయన్నమాట. పెళ్లిరోజు కొండల్లో జరుపుకుందామనుకున్న జంట హోటలు గది, కారు, బట్టలు, ఫొటోలు అన్నీ లెక్క వేసుకుంటుంది. వెలుతురు లెక్క మాత్రం చాలామంది వేసుకోరు. నల్లమలలో మొట్టమొదట చూసుకోవాల్సిన ఖాతా అదే. డబ్బు చాలకపోతే ఎవరినైనా అడగొచ్చు. ఓపిక చాలకపోతే కాసేపు కూర్చోవచ్చు. వెలుతురు చాలకపోతే ఆ లోయలో చేయగలిగింది ఏమీ లేదు.

నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు జంటలకు ఈ ప్రశ్న ఏటా ఇదే కాలంలో ఎదురవడానికి కారణం ఉంది. కార్తీక శుద్ధ ఏకాదశి దాటితే చాతుర్మాస్యం ముగుస్తుంది, పెళ్లి ముహూర్తాలు మొదలవుతాయి. కార్తీకం చివర, మార్గశిరంలో తాళి కట్టినవాళ్ల పెళ్లిరోజులన్నీ నవంబరు, డిసెంబరుల్లోనే వచ్చి పడతాయి. అప్పుడు ఎక్కువమందికి గుర్తొచ్చేవి ఊటీ, కొడైకెనాల్. రానూపోనూ రెండు రోజులు రోడ్డు మీదే గడిచిపోయే ప్రయాణాలవి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు జాతీయ రహదారి మీద 40 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి దిగువ అహోబిలానికి దాదాపు 25. దిగువ నుంచి ఎగువకు మరో 8. అంతా కలిపి 75 కిలోమీటర్లకు మించదు. రెండు గంటల్లో కొండ అడుగున ఉంటారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక, బయలుదేరే ఊరే చేరే కొండకు జిల్లా కేంద్రం కూడా అయింది.

అహోబిలాన్ని పెళ్లిరోజుకు ఎంచుకోవడానికి దూరం ఒక్కటే కారణం కాదు. ఇది పెళ్లి కథ ఉన్న కొండ. హిరణ్యకశిపుణ్ని చీల్చిన ఉగ్రమూర్తి ఇక్కడే చెంచులక్ష్మిని మనువాడాడని నల్లమల చెంచులు నమ్ముతారు. ఆయన వాళ్లకు అల్లుడు. ఏటా కనుమనాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీ 40 రోజులకు పైగా చుట్టుపక్కల 30కి మించిన ఊళ్లలో తిరుగుతుంది. తన కల్యాణానికి రమ్మని ఊరూరికీ వెళ్లి స్వామే స్వయంగా పిలుస్తాడని ఆ ఊళ్ల నమ్మకం. నవ నారసింహుల్లో మాలోల నరసింహుడు లక్ష్మిని తొడ మీద కూర్చోబెట్టుకున్న శాంతమూర్తి. ఎగువన గుహలో ఉగ్రరూపం, కొండ పైకి కొంత దూరం నడిస్తే ఈ శాంతరూపం. ఈ రెంటి నడుమ దారి నడవడం జంటగా వచ్చినవాళ్లకు మంచి అనుభవమనే నా అభిప్రాయం.

పూర్వం కూడా ఇదే కాలంలో ఇక్కడికొచ్చిన జంట ఒకటుంది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సాగుతున్న రోజుల్లో, 1515 డిసెంబరులో, అహోబిలేశుణ్ని దర్శించి కంఠహారం, ఇతర ఆభరణాలు సమర్పించినట్లు ఇక్కడి శాసనం చెబుతుంది. రాణి చిన్నాదేవి పేర ఒక పతకం ఇచ్చినట్లూ అందులో ఉంది. దిగువ అహోబిలంలో రాయల జయస్తంభం ఇప్పటికీ నిలబడే ఉంది. అంతకు చాలా ముందే ఎర్రాప్రగడ నృసింహపురాణం రాసింది ఈ క్షేత్ర మహిమ మీదే. తిరుమంగై ఆళ్వారు పాడిన ఈ క్షేత్రం 108 దివ్యదేశాల్లో ఒకటి.

ఏ రోజు వెళ్లాలి

పెళ్లిరోజు తేదీ మన చేతిలో లేదు. కొండ ఎక్కే తేదీ మాత్రం మన చేతిలోదే. ఒకటి రెండు రోజులు జరిపితే ప్రయాణం అంతా మారిపోతుంది. శనివారాలు అహోబిలంలో జనం కిక్కిరిసి ఉంటారు. స్వామి జన్మనక్షత్రం స్వాతి కాబట్టి ఆ రోజు రద్దీ మరీ ఎక్కువ. చంద్రుడు నక్షత్రమండలాన్ని 27 రోజుల పైచిలుకులో చుట్టి వస్తాడు కాబట్టి స్వాతి నెలకొకసారి తప్పకుండా వస్తుంది. కార్తీక పౌర్ణమి కృత్తికకు దగ్గర. కృత్తిక నుంచి స్వాతికి 12 నక్షత్రాలు. అంటే కార్తీక పౌర్ణమి వెళ్లిన దాదాపు 12 రోజులకు స్వాతి వస్తుంది. క్యాలెండరు చేతిలో లేకపోయినా ఈ లెక్క పనికొస్తుంది.

2026నే తీసుకుందాం. ఆ ఏడు అధిక జ్యేష్ఠం రావడంతో పండగలన్నీ వెనక్కి జరిగాయి. దీపావళి నవంబరు 8, ఆదివారం. కార్తీకం నవంబరు రెండో వారంలో మొదలై డిసెంబరు రెండో వారం దాకా ఉంటుంది. పౌర్ణమి నవంబరు 24, మంగళవారం. స్వాతి దీపావళి వేళ ఒకసారి, మళ్లీ డిసెంబరు మొదటి వారం చివర ఒకసారి. కార్తీక సోమవారాల్లో జనమంతా మహానంది, యాగంటి, శ్రీశైలం వైపు వెళ్తారు. నంద్యాలలో గదులు దొరకవు, బస్సులు నిండిపోతాయి. ఇవన్నీ కొట్టేస్తూ పోతే మిగిలే మంచి రోజులు నవంబరు 25, 26. బుధ, గురువారాలు. పౌర్ణమి మర్నాడు కాబట్టి పొద్దుగూకిన గంటకు చంద్రుడు పైకొస్తాడు. దిగువ అహోబిలం గుడి ముందు మండపంలో కూర్చోవడానికి ఆ వెన్నెల చాలు. అడవిలో నడవడానికి మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. చెట్ల కింద వెన్నెల దారి చూపదు, మోసం చేస్తుంది.

వేడి విషయానికొస్తే ఇంతకన్నా మంచి కాలం ఈ జిల్లాలో లేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే నంద్యాలలో నవంబరు పగళ్లు 30కి అటూఇటూ ఉంటాయి, తెల్లవారుజాము 20కి దగ్గరగా ఉంటుంది. కిలోమీటరు ఎత్తుకు దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క ప్రకారం 300 మీటర్లు ఎక్కితే రెండు డిగ్రీలు చల్లబడుతుంది. లోయలో ఎండ తగలడం ఆలస్యం కాబట్టి పొద్దున్న ఇంకాస్త చలిగా అనిపిస్తుంది. ఒక పల్చటి స్వెట్టరు చాలు. తొమ్మిది గంటలకల్లా దాన్ని నడుముకు కట్టుకుంటారు.

తుపాను మాట ముందే

ఈ కాలానికి ఒక్కటే పెద్ద చిక్కు, బంగాళాఖాతం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి కోస్తాను తాకింది. తీరం దాటేది కోస్తాలోనే అయినా దాని మేఘాలు నల్లమలను తడపకుండా పోవు. తూర్పు నుంచి వచ్చే తేమగాలికి నల్లమల అడ్డుగోడ.

వాతావరణ శాఖ భాషలో ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. ఈ అంకెలు కొండ దారిలో ఏమవుతాయో చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఒక చదరపు కిలోమీటరు కొండ మీద 64.5 మిల్లీమీటర్లు కురిస్తే 6 కోట్ల 45 లక్షల లీటర్లు. అందులో మూడో వంతే వాలు మీదుగా జారినా రెండు కోట్ల లీటర్లకు పైమాటే. ఆ నీళ్లన్నీ చేరేది భవనాశిని ఏట్లోకి. ఎగువ నుంచి వరాహ నరసింహస్వామి గుడి మీదుగా జ్వాలా నరసింహస్వామి దగ్గరికి వెళ్లే దారి ఆ ఏటి పక్కనే, ఏటి రాళ్ల మీదుగానే పోతుంది. పొద్దున్న మడమ తడవని చోట మధ్యాహ్నానికి మోకాలి లోతు రావచ్చు.

అందుకని ప్రయాణానికి అయిదు రోజుల ముందు నుంచి అమరావతి వాతావరణ కేంద్రం నంద్యాల జిల్లాకు ఇచ్చే హెచ్చరిక రంగు చూస్తూ ఉండాలి. నారింజ, ఎరుపు ఉంటే మరో మాట లేదు, వాయిదా వేయాల్సిందే. పసుపు ఉంటే దిగువ అహోబిలం వరకే వెళ్లి, కొండ సంగతి ఊళ్లోవాళ్లను అడిగి తేల్చుకోవాలి. భారీ వర్షం వెలిశాక కనీసం రెండు ఎండ పొద్దులు పోనివ్వాలి. ఏరు ఒక్క రోజులో తగ్గుతుంది, రాళ్ల మీద పాకుడు తగ్గదు. గది బుక్ చేసేటప్పుడే తేదీ మార్చుకునే వీలుందో లేదో కనుక్కోవడం ఈ కాలంలో సౌకర్యం కోసం కాదు, జాగ్రత్త కోసం.

అదే తుపాను కాలం ఒక వరం కూడా ఇస్తుంది. కార్తీకంలో జ్వాలా నరసింహుడి గుడి దగ్గర కొండ అంచు నుంచి నీటిధార జారుతూ ఉంటుంది. ఆ ధార కింద తడుస్తూనే దర్శనానికి పోవాలి. మార్చిలో వెళ్లినవాళ్లకు దొరికేది తడి బండ మాత్రమే.

నడక లెక్క

స్కాట్లండ్‌కు చెందిన విలియం నైస్మిత్ 1892లో కొండ నడకకు ఒక సూత్రం చెప్పాడు. చదునుగా గంటకు దాదాపు 5 కిలోమీటర్లు. ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. ప్రపంచమంతా కొండలెక్కేవాళ్లు ఇప్పటికీ దీంతోనే మొదలుపెడతారు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలకు దాదాపు 4 కిలోమీటర్లంటారు. మాలోలకు 2. వరాహస్వామి గుడి దారిలోనే వస్తుంది. చుట్టివస్తే 8 కిలోమీటర్లు అనుకుందాం, ఎక్కే ఎత్తు 300 మీటర్లు అనుకుందాం. నైస్మిత్ లెక్కలో నడకకు 96 నిమిషాలు, ఎత్తుకు 30. మొత్తం రెండు గంటల ఆరు నిమిషాలు.

ఈ అంకెను నమ్మి బయలుదేరితే మాత్రం దెబ్బతింటారు. నైస్మిత్ లెక్క ఒంట్లో సత్తువ ఉన్న నడకరి, మంచి దారి, మధ్యలో ఆగకపోవడం అనే మూడు ఊహల మీద నిలబడింది. మనం పోయేది ఏటి గుండ్ల మీదుగా, ఎగుడుదిగుడు మెట్ల మీదుగా, ఇనుప కమ్మీ పట్టుకుని. దారిలో మూడు గుళ్లు, ప్రతి గుడి దగ్గరా చెప్పులు విప్పడం, వేసుకోవడం, హారతి, కాసేపు కూర్చోవడం. ఫొటోలూ ఉంటాయి, అది పెళ్లిరోజు కదా. కాబట్టి నైస్మిత్ లెక్కను రెట్టింపు చేసి, పైన ఇంకో గంట వేసుకోండి. అయిదు గంటలు. తిరిగొచ్చిన మామూలు యాత్రికులు చెప్పే సమయం కూడా నాలుగు నుంచి అయిదు గంటలే.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన కొలబద్ద తిరుమల. అలిపిరి దారి 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. గత ఏడాది కాలంలో అలిపిరి నుంచి నడిచి ఎక్కి మర్నాడు మామూలుగా తిరగగలిగినవాళ్లకు జ్వాల–మాలోల దారి శక్తికి మించినది కాదు. కానీ తేడా ఒకటుంది. తిరుమలలో దారి పొడుగునా దీపాలు, పైకప్పు, నీళ్లు, మజ్జిగ, మనుషులు ఉంటారు. ఇక్కడ అవేవీ ఉండవు. పైగా తిరుమలలో చాలామంది ఎక్కేటప్పుడే నడుస్తారు, దిగేటప్పుడు బస్సెక్కుతారు. అహోబిలంలో దిగడమూ కాళ్ల మీదే. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం శరీర బరువుకు మూడు రెట్లు దాటుతుంది. గుండె కొట్టుకునేది ఎక్కేటప్పుడు, మోకాళ్లు మొరాయించేది దిగేటప్పుడు. ఎగువన దారి మొదట్లో అద్దెకిచ్చే కర్ర తప్పకుండా తీసుకోండి, ఇద్దరికీ చెరొకటి. దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. మెట్లు ఎక్కలేనివాళ్లకు డోలీలూ ఉన్నాయి.

జంట నడకకు ఒక నియమం చాలా ముఖ్యం: ఇద్దరిలో ఎవరి నడక నెమ్మదో ఆ నడకే ఇద్దరిదీ. ఒకరు గంటకు 3 కిలోమీటర్లు, మరొకరు 2 నడుస్తారనుకోండి. 8 కిలోమీటర్లకు తేడా గంటా ఇరవై నిమిషాలు. ముందు పోయినవాళ్లు అడుగడుగునా ఆగి వెనక్కి చూస్తారు, వెనకున్నవాళ్లు ఊపిరి తీసుకోకుండా అందుకోవాలని పరుగెడతారు. కాళ్లు తొట్రుపడేది అప్పుడే. నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు నడవనివ్వండి, లెక్క కూడా వాళ్ల వేగంతోనే వేయండి. సాధన కావాలంటే ఇల్లే చాలు. ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. 300 మీటర్లంటే 100 అంతస్తులు. మూడంతస్తుల మేడ మెట్లు రోజుకు ఏడెనిమిది సార్లు ఎక్కిదిగితే 60–70 మీటర్లు. నెలా పదిహేను రోజులు అలా చేస్తే నల్లమల కొత్తగా అనిపించదు.

ఒక్కరోజులో తొమ్మిదీ?

నవ నారసింహులను ఒక్క రోజులో చూపిస్తామని చెప్పే ప్రయాణ ఏర్పాట్లు చాలా ఉన్నాయి. పుణ్యం సంగతి పక్కనపెట్టి వెలుతురుతో లెక్కేద్దాం. ఎగువ అహోబిల నరసింహుడి దర్శనం, దారిలో వరాహ నరసింహుడు: గంటంబావు. జ్వాల, మాలోల చుట్టు: 5 గంటలు. పావన నరసింహుడు ఎగువ నుంచి అడవిలో దాదాపు 6 కిలోమీటర్లు. కాలినడకన రానూపోనూ 12. నైస్మిత్ ప్రకారమే ఎత్తుతో కలిపి 3 గంటలు, అడవి దారికి ఒకటిన్నర రెట్లు వేస్తే నాలుగున్నర, దర్శనంతో 5. కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట నారసింహులను బండి మీద తిరిగినా రెండున్నర గంటలు. మొత్తం 13 గంటల 45 నిమిషాలు. ఉన్న వెలుతురు 11 గంటల 20 నిమిషాలు. అంటే దాదాపు రెండున్నర గంటలు చీకట్లో ఉండాలి. పావనకు జీపులో వెళ్తే ఆ రెండున్నర గంటలు మిగులుతాయి, లెక్క సరిగ్గా సరిపోతుంది. సరిపోవడమే ఇక్కడ ప్రమాదం. ఒక్క చెప్పు తెగినా, ఒక్క చినుకు పడినా, ఒక గుడి తలుపు మూసి ఉన్నా లెక్క తప్పుతుంది. రెండు రోజులు పెట్టుకోండి. లేదా తొమ్మిదింటిలో అయిదారు చూసి, మిగిలినవి మరో పెళ్లిరోజుకు ఉంచుకోండి. ఉరుకులు పరుగుల తొమ్మిది దర్శనాల కన్నా మాలోల ముందు అరగంట నిదానంగా కూర్చున్న రెండు దర్శనాలే మేలని గట్టిగా చెబుతాను.

ఉక్కుస్తంభం సంగతి వేరే చెప్పాలి. నరసింహుడు వెలువడ్డ స్తంభమని భక్తులు కొలిచే ఆ చీలిన శిఖరం ఎక్కడానికి జ్వాల దారికి మరో రెండు మూడు గంటలు కలపాలి. ఎక్కుడు నిట్టనిలువు, పట్టుకోవడానికి చాలాచోట్ల రాయి, వేరు తప్ప ఏమీ ఉండవు. ఊరి గైడు లేకుండా అడుగు వేయవద్దు. తడిగా ఉన్న రోజు గైడు ఉన్నా వద్దు. మొదటిసారి కొండెక్కుతున్న జంట దీన్ని ఆ రోజు జాబితాలోంచి తీసేయడం మంచిది.

సంచిలో ఏముండాలి

నడిచే ఒక్కో గంటకు మనిషికి అర లీటరు నీళ్లు. నడక అయిదు గంటలు, అనుకోని ఆలస్యం ఒక గంట. ఇద్దరికీ 6 లీటర్లు, అంటే 6 కిలోలు. ఒకరి భుజం మీదే వేయకుండా చెరి మూడు లీటర్లు మోయండి. నీళ్ల సీసాలు తిరిగి దిగువకు తేవాల్సిందే. ఆ అడవిలో వదిలిన ప్లాస్టిక్ ఏదో ఒక జింక కడుపులోకి పోతుంది.

తిండికి మన ఇళ్లలో దొరికేవే మంచివి. పొద్దున్నే బయలుదేరే ముందు ఉగ్గాని తింటే తేలికగా ఉంటుంది. సద్దికి చిత్రాన్నం, రోజంతా నిలవ ఉండాలంటే నిమ్మరసం కాస్త ఎక్కువ వేయాలి. చేతికందేలా బుడ్డల ఉండలు. బుడ్డలు 100 గ్రాముల్లో దాదాపు 560 కేలరీలు ఉంటాయి. కొండెక్కేటప్పుడు గంటన్నరకు సరిపడా శక్తి. పెళ్లిరోజు కాబట్టి ఇంట్లో భక్ష్యాలు చేస్తే రెండు మడిచి పెట్టుకోండి. తిండిని జిప్పు ఉన్న సంచిలో, కనిపించకుండా పెట్టాలి. ఎగువన కోతులు చేతిలోని కవరు చూసే వస్తాయి, పెనుగులాడితే కరుస్తాయి. కొత్త బూట్లు వద్దు, కనీసం మూడు వారాలు వాడినవి వేసుకోండి. గుడి దగ్గర విప్పి తొడుక్కోవడానికి వీలుగా ఉండాలి. పట్టుచీర, పట్టుపంచె దిగువ గుడికి ఉంచుకుని, కొండకు నూలు బట్టలు కట్టుకోండి. టార్చిలైటు తప్పనిసరి, కానీ అది వాడే అవసరం రాకూడదన్నదే మన లెక్కంతా. లోయలో ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఎప్పటికి తిరిగొస్తారో బస చేసిన చోట చెప్పి, కాగితం మీద రాసిచ్చి వెళ్లండి.

అడవి ఎవరిది

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,296 చదరపు కిలోమీటర్లు. అందులో దక్షిణ భాగాన 1990లో ప్రకటించిన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం 1,194. జాతీయ గణనలో రాష్ట్రంలో 2018లో 48 పులులు లెక్కకొచ్చాయి, 2022లో 63. నాలుగేళ్లలో దాదాపు మూడో వంతు పెరిగాయి. ఇది సంతోషించాల్సిన వార్త. అంటే పులి మునుపటికన్నా ఎక్కువ దారుల్లో తిరుగుతోందని కూడా అర్థం. నల్లమలలో మనిషికి పులికన్నా ఎక్కువ ప్రమాదం ఎలుగుబంటితో, అందులోనూ అది ఉలిక్కిపడితే. పులి, చిరుత, ఎలుగు తిరిగేది ఎక్కువగా వేకువన, మునిమాపున. వెలుతురు లెక్కకు ఇదీ ఒక కారణమే. పూర్తిగా తెల్లవారాక అడవిలో కాలు పెట్టడం, పొద్దుగూకడానికి రెండు గంటల ముందే బయటికి రావడం మన భద్రత కోసమే కాదు, వాటి వేళను వాటికి వదిలేయడం కూడా.

పావన వైపు వెళ్లాలంటే అటవీ శాఖ చెక్‌పోస్టులో అనుమతి గురించి ముందురోజే అడగాలి. ఆ దారి తెరిచి ఉందా, జీపులు పోతున్నాయా అన్నది వానను బట్టి, అడవి పరిస్థితిని బట్టి మారుతుంది. పాటలు పెట్టుకుని నడవడం, సిగరెట్టు, పొయ్యి వెలిగించడం, దారి వదిలి లోపలికి పోవడం చేయకూడదు. ఈ అడవి చెంచుల ఇల్లు కూడా. గైడుగా ఊరివాళ్లను తీసుకుంటే దారీ తెలుస్తుంది, ఆ పూట కూలీ అడవినే నమ్ముకున్న ఇంటికి చేరుతుంది.

ఖర్చు

ఇది చిన్న లెక్కే. నంద్యాల నుంచి రానూపోనూ, మధ్యలో తిరగడంతో కలిపి 170 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 11–12 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకుంటే 1,300 లోపు. బస్సులో ఇంకా తక్కువ. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్టు లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. జంటలో భర్తకొక్కడికే టికెట్టు. ఆళ్లగడ్డకు రైలు లేదు కాబట్టి దూరం నుంచి రైల్లో వచ్చేవాళ్లు నంద్యాలలో దిగి బస్సెక్కాలి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు రోడ్డు మీద నంద్యాల దాదాపు 290 కిలోమీటర్లు. బస దిగువ అహోబిలంలో పెట్టుకోవడం మేలు. పర్యాటక సంస్థ హరిత హోటలు, మఠం వసతి అక్కడే ఉన్నాయి. ఎగువన గదులు తక్కువ.

ఆదా చేయకూడనివి రెండే. గైడు కూలీ, దిగువన రెండో రాత్రి గది అద్దె. రెండో రాత్రి గది చేతిలో ఉంటే పొద్దుగూకేలోపు ఇంటికి చేరాలన్న తొందర ఉండదు, దిగేటప్పుడు కాలు జాగ్రత్తగా పడుతుంది.

వెనక నుంచి ముందుకు

ఇప్పుడు రోజును సాయంత్రం వైపు నుంచి అల్లుకుంటూ రావాలి. సూర్యాస్తమయం 5.42. ఎగువ గుడి దగ్గరికి తిరిగి చేరే వేళ దానికి రెండు గంటల ముందు, అంటే 3.40. జ్వాల నుంచి దిగడానికి నెమ్మది నడకతో, ఆగుతూ, రెండున్నర గంటలు. కాబట్టి జ్వాల దగ్గర వెనుదిరగాల్సిన ఆఖరి వేళ 1.10. దీన్ని 12 చేసుకోండి. గంటా పది నిమిషాలు చేతిలో ఉంటాయి. ఈ 12 అన్న అంకె మీద ఇద్దరూ ఇంటి దగ్గరే మాట అనుకోవాలి. పన్నెండయ్యేసరికి గుడి కనిపిస్తున్నా, ఇంకో పావుగంటే అని ఎదురొచ్చినవాళ్లు చెప్పినా వెనక్కే. కొండల్లో ప్రమాదాలు ఎక్కువగా ఆ పావుగంటలోనే పుడతాయి.

మొదటి రోజు మధ్యాహ్నం భోంచేసి ఒంటిగంటకు నంద్యాల వదిలితే మూడింటికి దిగువ అహోబిలం. ఛత్రవట, యోగానంద నారసింహులు దిగువకు రెండు మూడు కిలోమీటర్ల లోపే, ఆ సాయంత్రానికి సరిపోతాయి. పొద్దుగూకాక ప్రహ్లాదవరద లక్ష్మీనరసింహుడి గుడి, విజయనగర కాలపు మండపాలు, జయస్తంభం. మర్నాటి దర్శన వేళలు, మధ్యాహ్నం గుళ్లు మూసే సమయం, ఏటి నీళ్ల సంగతి అప్పుడే కనుక్కోండి. గైడును కూడా ఆ రాత్రే మాట్లాడుకోవాలి.

రెండో రోజు 5.45కి దిగువన బయలుదేరి 6.15కి ఎగువన ఉండండి. పూర్తిగా తెల్లవారాక, 6.45కి నడక. ఎగువ స్వామి దర్శనం తిరిగొచ్చాక చేసుకుంటే పొద్దుటి చల్లదనం నడకకు మిగులుతుంది; లేదూ, స్వామిని చూడకుండా అడుగు వేయమంటే ముప్పావు గంట కలుపుకోండి, వెనుదిరిగే 12 మాత్రం మారదు. ముందు జ్వాల, తిరుగుదారిలో మాలోల. దూరమైనదీ కష్టమైనదీ ఒంట్లో సత్తువ ఉండగానే అయిపోవాలి. పదిన్నరకు జ్వాల, అక్కడ ధార కింద తడిసి, బట్టలు ఆరేదాకా ఎండలో కూర్చుని బుడ్డల ఉండలు తిని, మాలోలకు ఒంటిగంట లోపు. సద్ది విప్పడానికి ఆ చుట్టుపక్కల నీడ బాగుంటుంది. మూడింటికి కాస్త అటూఇటూగా ఎగువ.

ఏదైనా జరిగితే ఎంత దూరంలో సాయం ఉందో కూడా తెలిసి ఉండాలి. ఎగువ నుంచి ఆళ్లగడ్డకు 33 కిలోమీటర్లు. ఘాట్ దారీ, పల్లె దారీ కలిసి బండిలో గంట. అక్కడి నుంచి నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి మరో గంట. 108కి ఫోను కలవాలంటే ముందు సిగ్నల్ ఉన్నచోటికి రావాలి. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు ఆ పూట మాత్రలు సంచిలోనే ఉంచుకోవాలి, గదిలో కాదు. మోకాళ్లు నొప్పెట్టే వయసు జంటలు వరాహస్వామి గుడి దాకా, ఎగువ నుంచి ఒక కిలోమీటరు, ఏటి ఒడ్డున నడిచి వెనక్కి రావచ్చు. ఇరవై అయిదో పెళ్లిరోజుకైనా, నలభయ్యో పెళ్లిరోజుకైనా ఆ కిలోమీటరు చాలు. ఏటి చప్పుడు, కొండ గోడలు, అడవి వాసన అన్నీ అందులోనే ఉన్నాయి.

మూడో రోజు పొద్దున్న తొందర లేకుండా బయలుదేరి, కారంజ, భార్గవ నారసింహుల్లో చూడనివి చూసుకుని ఆళ్లగడ్డలో ఆగండి. రోడ్డు పక్కనే శిల్పుల పాకల్లో ఉలి చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. దేశవిదేశాల గుళ్లకు విగ్రహాలు ఇక్కడి నుంచి పోతాయి. సంచిలో పట్టే చిన్న రాతి విగ్రహం కావాలంటే ముందు దాని బరువు అడగండి. ఘనపు అడుగు నల్లరాయి 75 కిలోలకు పైగా తూగుతుంది, నాలుగంగుళాల విగ్రహం కూడా చేతికి బరువుగానే ఉంటుంది. బస్సులో వచ్చినవాళ్లు మధ్యాహ్నం లోపు నంద్యాల బస్సు పట్టుకుంటే సాయంత్రం రైళ్లను నిదానంగా అందుకోవచ్చు.